జెనీవా నుంచి షమోనీకి ఒక్కరోజు ట్రిప్పు: నా అనుభవం

2023 జూలైలో నెలన్నర పాటు జెనీవాలో మా అమ్మాయి దగ్గరున్నాను. దానికీ అల్లుడికీ ఆఫీసులు. శని, ఆదివారాలు వాళ్లు తిప్పినచోటికల్లా తిరగడం, మిగతా ఐదు రోజులు సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుని బాతుల్ని చూడటం, ఇదీ నా పని. మూడో వారానికి బాతులే నన్ను గుర్తుపట్టి దగ్గరికి రావడం మొదలెట్టాయి. అది చూసి జాలేసిందో ఏమో, ఒక రాత్రి అన్నాల దగ్గర అమ్మాయి అంది: "షమోనీకి గైడుతో వెళ్లే బస్సుంది అమ్మా. పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి మళ్లీ ఇక్కడే దింపుతారు. ఒక్కదానివీ వెళ్లొచ్చెయ్."

గైడు వెనకాల నడిచే టూర్లంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ పిల్లల్ని విహారయాత్రలకి తోలుకెళ్లి, తలకాయలు లెక్కపెట్టి తోలుకొచ్చినదాన్ని. ఇప్పుడు నా తలకాయ ఇంకొకరు లెక్కపెట్టడమేంటి అనిపించింది. కానీ షమోనీ అనగానే ఒక పేరు మెదిలింది. హోమీ భాభా, మన అణుశాస్త్రవేత్త. బొంబాయి నుంచి ఢిల్లీ, బేరూత్ మీదుగా వచ్చి జెనీవాలో దిగాల్సిన ఎయిరిండియా బోయింగ్ 'కాంచన్‌జంగ', 1966 జనవరి 24న మౌంట్ బ్లాంక్ కొండని ఢీకొంది. 117 మందీ పోయారు. భాభా అందులో ఉన్నారు. కేంద్రకం పాఠం మొదలుపెట్టే రోజు ఏటా ఈ సంగతి పిల్లలకు చెప్పేదాన్ని. ఆ కొండ కింది ఊరే షమోనీ.

"సరే, టికెట్ తియ్యి" అన్నాను.

టికెట్టంటే ఒకటి కాదు, రకాలున్నాయి. ఉత్త బస్సుకి ఒకటి. బస్సుతో పాటు ఎగ్వీ ద్యు మిదీ అనే శిఖరానికి వెళ్లే రోప్‌వేకి ఒకటి. బస్సూ, కొండరైలూ కలిపి ఒకటి. మూడూ కలిపి ఇంకొకటి. మా అమ్మాయి మూడూ ఉన్నది తీసింది. మనవాళ్ల లెక్క అదే కదా, అంత దూరం పోయి ఒకటి వదిలేస్తామా అని. ఇప్పుడెవరైనా నన్నడిగితే రోప్‌వేనో రైలో ఒకటి చాలంటాను. ఎందుకో తర్వాత చెప్తాను.

నాకున్న అసలు భయం వీసా. నాది సింగిల్ ఎంట్రీ. షమోనీ ఉన్నది ఫ్రాన్స్‌లో. అక్కడికి వెళ్తే మళ్లీ స్విట్జర్లాండ్‌లోకి రానిస్తారా, లేక అక్కణ్నుంచి అటే ఇంటికి పంపిస్తారా? అల్లుడు నవ్వకుండా విని చెప్పాడు: "స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ, 2008 నుంచి షెంగెన్‌లో ఉంది అత్తయ్యా. రెండు దేశాలూ ఒకే వీసా కిందకొస్తాయి. ఆ సరిహద్దు దాటితే ఎంట్రీ లెక్కలోకి రాదు. కానీ అసలు పాస్‌పోర్టే పెట్టుకోండి, ఫోన్లో ఫొటో చాలదు. ఎప్పుడైనా ఆపి అడుగుతారు." ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు, రెండూ పనికొచ్చాయి. అక్కడ ఫ్రాంకులు కాదు, యూరోలు. స్విస్ సిమ్ అక్కడ రోమింగ్ అవుతుంది, ఇంటర్నెట్ ఆపేసి వెళ్లండి అని.

ఎనిమిదింపావుకు కార్నవిన్ రైల్వే స్టేషన్ దగ్గర్లో ఉన్న బస్ స్టేషన్‌కి చేరాను. చుడీదార్, స్పోర్ట్స్ షూస్, చంకలో అమ్మాయి దూది జాకెట్, సంచిలో మంకీ క్యాప్, డబ్బాలో పులిహోర. బయట ఎండ కాస్తోంది. మంకీ క్యాప్ సంచిలో ఉందన్న ఆలోచనకే చెమట పట్టింది.

గైడు యాభై దాటిన ఫ్రెంచావిడ. ఎండకు మాగిన మొహం, పొట్టి జుట్టు. జెండా లేదు, అది కొంచెం నయం. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, స్పానిష్‌లో ఒకే సంగతి మూడుసార్లు చెప్తుంది. సరిహద్దు దగ్గర బస్సు నెమ్మదించింది గానీ ఎవరూ ఆపలేదు. సంచిలో పాస్‌పోర్ట్ మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను.

అక్కణ్నుంచి గంటా గంటంపావు. దారి పొడుగునా ఆర్వ్ నది పక్కనే వస్తుంది. నీళ్లు తేటగా ఉండవు, సిమెంటు కలిపినట్టు బూడిదరంగు. మంచు కొండల్ని రాసుకుంటూ కదిలినప్పుడు రాయి పిండిలా అరిగి ఆ నీళ్లలో కలుస్తుందని గైడు చెప్పింది. లోయ ఇరుకై, బస్సు ఎత్తైన వంతెనల మీదుగా మలుపులు ఎక్కుతుండగా ఉన్నట్టుండి కుడివైపు అద్దాలన్నీ తెల్లబడ్డాయి. బస్సులో అందరూ ఒక్కసారి కుడివైపుకి ఒరిగారు. పచ్చటి అడవి మీదకి పైనుంచి మంచు నాలుకలా జారి ఉంది. "బొస్సోఁ హిమానీనదం. శిఖరం నుంచి లోయ వైపు నిలువుగా దిగుతుంది, చూడండి" అని మూడు భాషల్లోనూ చెప్పింది. భాభా సంగతి చెప్తుందేమోనని చూశాను. చెప్పలేదు. మధ్యాహ్నం ఎక్కడ, ఎన్నింటికి కలవాలో చెప్పడం మొదలెట్టింది.

రోప్‌వే దగ్గర జనం బాగానే ఉన్నారు. మనకిచ్చే కార్డు మీద కేబిన్ నంబరుంటుంది, ఆ నంబరు పిలిచినప్పుడే ఎక్కాలి. ఇక్కడే గైడు ఉన్నందుకు లాభం కనిపించింది. సొంతంగా వచ్చినవాళ్లు టికెట్ కౌంటర్ దగ్గర మలుపులు తిరిగిన వరసలో నిలబడి ఉంటే, మా కార్డులు తీసుకొచ్చి చేతిలో పెట్టింది. తర్వాత అందర్నీ దగ్గరికి పిలిచి, బస్సులో చెప్పినదానికంటే నెమ్మదిగా చెప్పింది: "ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంది. ఇరవై నిమిషాల్లో మీరు 3,777 మీటర్లకు వెళ్తారు. మీ ఒంటికి ఆ సంగతి తెలియడానికి టైం పడుతుంది. పైన మెట్లు కనిపిస్తే పరిగెత్తొద్దు. తల తిరిగితే కిందకి వచ్చెయ్యండి, డబ్బులు దండగని ఆగొద్దు." గుండె జబ్బులున్నవాళ్లెవరైనా ఉన్నారా అని మొహాల వంక చూసింది. నా మొహం దగ్గర కాసేపు ఎక్కువ ఆగింది.

1955లో వేసిన తీగ అది. సగం దారిలో 2,317 మీటర్ల దగ్గర దిగి కేబిన్ మారాలి. రెండో సగంలో మధ్యన ఒక్క స్తంభం లేదు, కొండకీ కొండకీ మధ్య ఉత్త తీగ. కేబిన్ నిండా జనం నిలబడి ఉంటే నాకు కనిపించింది ఒక స్పెయిన్ కుర్రాడి వీపు. చివర్లో కేబిన్ దాదాపు నిట్టనిలువుగా రాతిగోడ పక్కనుంచి ఎక్కుతున్నప్పుడు ఆ కుర్రాడు కళ్లు మూసుకున్నాడు కాబట్టి నేను తెరిచే ఉంచాను.

పైన దిగగానే చలి చెంప మీద కొట్టింది. జాకెట్, మంకీ క్యాప్ రెండూ ఎక్కించాను, ఎవరేమనుకుంటే నాకేం. రాతిని తొలిచిన సొరంగంలో నడిచి, లిఫ్టులో ఇంకా పైకి ఎక్కితే 3,842 మీటర్ల దగ్గర పై టెర్రస్. ఎగ్వీ అంటే సూది, మిదీ అంటే మధ్యాహ్నం. ఊళ్లో చర్చి దగ్గర నిలబడి చూస్తే మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ సూది మీద ఉంటాడని ఆ పేరు.

మౌంట్ బ్లాంక్ ఎదురుగానే ఉంది. 4,806 మీటర్లు. నేనేదో మొనదేలిన త్రికోణం ఊహించుకున్నాను. అది గుండ్రంగా, పళ్లెంలో బోర్లించిన గడ్డపెరుగులా ఉంది. చుట్టూ ఉన్న చిన్న కొండలే కోరల్లా నిక్కి ఉంటే, పెద్దది మాత్రం నిమ్మళంగా కూర్చుంది. కిందనున్న మంచు మీద తాళ్లు కట్టుకుని నడుస్తున్నవాళ్లు చీమల బారులా కనిపించారు. ఆ తెలుపుని చూస్తూ, జనవరి మబ్బుల్లో విమానంలోంచి ఇదేమీ కనిపించి ఉండదు అనుకున్నాను. విమానంలో ఒక నావిగేషన్ పరికరం పనిచేయడం లేదు. కొండ దాటేశామనుకుని పైలట్ దించడం మొదలెట్టాడు. కంట్రోలర్ సరిచేస్తూ చెప్పిన మాట తప్పుగా అర్థమైంది. భాభాని కావాలని చంపారంటూ వాట్సాప్‌లో తిరిగే కథలు నాకూ వస్తుంటాయి. ఒక మాట తప్పుగా వినబడితే ఎంత దూరం పోతుందో క్లాసురూముల్లో చూసినదాన్ని కాబట్టి, ఆ కథల అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

బెంచీ మీద కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ తీస్తే అది బుంగమూతి పెట్టినట్టు ఉబ్బి ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో 63 శాతమే. నీళ్లు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇన్నేళ్లు బోర్డు మీద రాసిన సంగతి చేతిలో ప్యాకెట్ రూపంలో కనబడితే చిన్నపిల్లలా సంబరపడ్డాను. పక్కనున్న జపాన్ దంపతులకి చూపించాను కూడా. వాళ్లు మర్యాదగా చెరొక బిస్కెట్ తీసుకున్నారు. సంబరంలో లేచి, రెండు మెట్లు గబగబా ఎక్కాను. అంతే, కళ్లముందు నల్లచుక్కలు. గోడ పట్టుకుని నిలబడ్డాను. గైడు పరిగెత్తొద్దన్నది పరుగు గురించే అనుకున్నాను. మన ఇంట్లో మెట్లెక్కినట్టు ఎక్కినా అక్కడ అది పరుగే.

2013లో కట్టిన గాజు గది ఒకటుంది. చెప్పులేసి పంపిస్తారు, కాళ్ల కింద గాజు, దాని కింద వెయ్యి మీటర్ల శూన్యం. వరస పొడుగ్గా ఉంది, నా తల ఇంకా కుదురుకోలేదు. మానేశాను. బెంగ కూడా లేదు.

దిగేటప్పుడు నా లెక్క తప్పింది. పైకి వచ్చే వరస గురించే ఆలోచించాను గానీ, కిందికి దిగడానికీ అంతే వరస ఉంటుందని తట్టలేదు. చెప్పిన చోటికి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. మా గుంపంతా నా కోసం చూస్తోంది. విహారయాత్రల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నేనన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. గైడు ఒక్క మాట అనలేదు, వేలితో నన్ను లెక్కపెట్టుకుని రైలు టికెట్లు పంచింది.

రోప్‌వే నుంచి కొండరైలు స్టేషన్‌కి ఊరి మధ్యగా పావుగంట నడక. మధ్యలో భోజనానికి ముప్పావుగంట ఇచ్చారు. నది పక్కన కంచు విగ్రహం దగ్గర కూర్చుని పులిహోర తిన్నాను. విగ్రహంలో ఇద్దరు. జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్, ఆయనకి వేలెత్తి శిఖరం చూపిస్తున్న బల్మా. మౌంట్ బ్లాంక్ ఎక్కే దారి కనిపెట్టినవాళ్లకి బహుమానం ఇస్తానని సోస్యూర్ 1760లో ప్రకటించాడు. 1786 ఆగస్టు 8న బల్మా ఎక్కాడు. ఒక్కడే కాదు, ఆ ఊరి డాక్టరు పకార్ కూడా పక్కనే ఉన్నాడు. 1887లో పెట్టిన ఈ విగ్రహంలో డాక్టరుకి చోటు దొరకలేదు. నూరేళ్లు ఆగి, 1986లో ఆయనకి విడిగా ఒకటి పెట్టారు. కాస్త అవతల ఒంటరిగా కూర్చుని కొండవైపు చూస్తుంటాడు. డబ్బా కడుక్కుని వెళ్తూ ఆయనకొక నమస్కారం పెట్టాను.

రైలు కోసం నిలబడ్డప్పుడు గైడు నా పక్కకొచ్చింది. తల ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందని చెప్పి, పొద్దున్నుంచీ నోట్లో ఉన్న మాట అడిగేశాను: "1966లో మా దేశం విమానం ఒకటి ఇక్కడ కూలింది. మీకు తెలుసా?"

ఆవిడ మొహం మారింది. మూడు భాషల గొంతు పోయి మామూలు గొంతు వచ్చింది. "ఒకటి కాదు, రెండు" అంది. 1950 నవంబరు 3న 'మలబార్ ప్రిన్సెస్' అనే ఎయిరిండియా విమానం, అదీ జెనీవాకే వస్తూ, దాదాపు అక్కడే కూలింది. 48 మంది. పదిహేనేళ్ల తర్వాత రెండోది. "పొద్దున బస్సులోంచి మీరు చూసిన హిమానీనదంలోనే అవన్నీ దిగుతున్నాయి" అంది.

ఇక ఆపలేదు. పైన కూలినవి మంచులో కూరుకుపోతాయి. మంచు తన బరువుకి తానే నదిలా, కానీ చాలా నెమ్మదిగా, కిందికి పారుతుంది. కింద కరిగే చోట, మింగినవన్నీ బయటపెడుతుంది. 2012లో భారత విదేశాంగ శాఖ టపా సంచి దొరికింది. 2013లో పచ్చలు, నీలాలు, కెంపులున్న పెట్టె ఒక పర్వతారోహకుడికి దొరికితే, తీసుకెళ్లి పోలీసులకిచ్చాడు. సొంతదారుల వారసులు తేలక, 2021లో సగం అతనికీ సగం ఊరికీ పంచారు. 2020లో ఆ కొండవాలులో కాఫీ హోటల్ నడిపే మనిషికి వార్తాపత్రికలు దొరికాయి. ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ఎన్నికైన వార్త అందులో పతాక శీర్షిక. ఆవిడ ప్రమాణం చేసింది కూడా, ఆ విమానం కూలిన జనవరి 24నే.

"ఇది కొత్త కాదు" అని గైడు ఇంకొంచెం వెనక్కి వెళ్లింది. 1820లో ఒక రష్యన్ డాక్టరు బృందం పైకి వెళ్తుంటే మంచుచరియ విరిగి ముగ్గురు గైడులు మంచు పగుల్లో పడిపోయారు. ఆ మరుసటేడే, 1821లో, షమోనీ గైడులు సంఘం కట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది. జేమ్స్ ఫోర్బ్స్ అనే స్కాట్లాండ్ భౌతికశాస్త్రవేత్త హిమానీనదాల వేగం కొలిచి, ఆ ముగ్గురూ దాదాపు నలభై ఏళ్లకి కిందికొస్తారని లెక్క కట్టాడు. 1861లో వచ్చారు. ఆనాడు బతికి బయటపడ్డ గైడు ముసలివాడై ఉన్నాడు, అతనే చూసి ఆనవాలు పట్టాడు.

నేను ఫిజిక్స్ చెప్పేదాన్నని అప్పుడు చెప్పాను. ఫోర్బ్స్ పేరు హిమానీనదాల పని వల్ల చదివాను గానీ ఈ లెక్క నాకు తెలియదు. పీజీలో ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఆ చాప్టరంతా కంఠతా వచ్చేసేది. "ఈ సంగతులు బస్సులో ఎందుకు చెప్పరు?" అన్నాను. "ఎక్కువమంది సెలవులకి వస్తారు, మేడమ్. అడిగినవాళ్లకి చెప్తాను." ఊరికొచ్చిన సగం రత్నాలు ఇక్కడి స్ఫటికాల మ్యూజియంలో ఉన్నాయని కూడా చెప్పింది. నడిచి వెళ్లేంత దూరమే. కానీ రైలు వచ్చేసింది, నా టికెట్ చేతిలో ఉంది, అమ్మాయి డబ్బు పోసి కొన్నది. ఎక్కేశాను. మూడూ ఉన్న టికెట్ వద్దన్నది ఇందుకే. రెండిటి మధ్య పరుగెత్తేసరికి, దేని కోసం వెళ్లామో దానికి అరగంట మిగల్లేదు. పొద్దున బస్సు ఎక్కేటప్పుడే ఆవిడని అడిగి ఉంటే రైలు మానుకుని మ్యూజియంకి వెళ్లేదాన్ని.

రైలు ఎర్రగా, ముద్దుగా ఉంది. పట్టాల మధ్యలో పళ్ల పట్టీ ఉంటుంది, దాన్ని పట్టుకుని ఐదు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో 1,913 మీటర్లకు ఎక్కుతుంది. 1909లో మొదలైంది. భాభా పుట్టిందీ 1909లోనే. ఆ రోజు నాకు అన్నీ అటే పోతున్నాయి.

పైన 'మెర్ ద గ్లాస్', అంటే మంచు సముద్రం. ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పెద్ద హిమానీనదం. పేరు విని వెళ్లినవాళ్లకి నిరాశే. లోతైన రాతి లోయ అడుగున, దుమ్మూ రాళ్లూ కప్పుకుని బూడిదగా పడుకుని ఉంది. దాని మీదకి చేరాలంటే అప్పట్లో చిన్న రోప్‌వేలో దిగి, అక్కణ్నుంచి మెట్లు దిగాల్సి ఉండేది. ఆ రోప్‌వేని 1988లో కట్టినప్పుడు మూడంటే మూడు మెట్లు దిగితే మంచట. నేను వెళ్లేనాటికి ఐదు వందలకు పైగా. అడుగున మంచులో తొలిచిన గుహ ఉంది, మంచు కదిలిపోతుంది కాబట్టి ఏటా కొత్తగా తవ్వుతారు.

మెట్ల పక్కన రాతి మీద, మంచు ఆ ఏడు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే పలకలున్నాయి. 1990 అన్న పలక పైనే కనిపించింది. మా అమ్మాయి పుట్టిన ఏడు. ఫొటో తీశాను. అక్కణ్నుంచి కిందకి చూస్తే మంచు ఎక్కడో ఉంది, మనుషులు రంగు చుక్కల్లా. దిగుతూ పోయాను, దిగుతూ పోయాను, మోకాళ్లు గుర్తుచేసే దాకా. 2015 పలక ఇంకా కింద ఉందని ఎదురొచ్చినవాళ్లు చెప్పారు. దిగడానికి ఎంత పడితే ఎక్కడానికి దానికి రెట్టింపు వేసుకోమని గైడు చెప్పింది. పొద్దున్న పన్నెండు నిమిషాలు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. గుహ చూడలేదు. రైలుకి మాత్రం అందరికంటే ముందొచ్చి కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో సగం బస్సు నిద్రపోయింది. బొస్సోఁ దగ్గరికి వచ్చేసరికి గైడు మైకు తీసుకోలేదు. లేచి నా సీటు దగ్గరికొచ్చి అద్దం మీద వేలు పెట్టి, టపా సంచి ఎటువైపు దొరికిందో చూపించింది. ఎండ పడి మంచు కొసలు నీలంగా మెరుస్తున్నాయి. రెండు మలుపుల్లో అది వెనక్కి వెళ్లిపోయింది. దిగేటప్పుడు ఆవిడకి టిప్పు ఇద్దామని యూరోలు తీసి, ఎందుకో ఇవ్వలేక, మిగిలిన బిస్కెట్ ప్యాకెట్ కూడా కలిపి ఇచ్చాను. అప్పటికది మళ్లీ మామూలుగా చప్పబడిపోయింది.

ఆ ఆదివారం అమ్మాయి జెనీవాలోనే జోంక్‌స్యోఁ అనే చోటికి తీసుకెళ్లింది. రెండు నదులు కలిసే చోటు. సరస్సులోంచి వచ్చే రోన్ నీలిపచ్చగా, తేటగా వస్తుంది. రెండోది ఆర్వ్. గీత గీసినట్టు కాసేపు విడివిడిగానే పారతాయి, బూడిదరంగు ఒకవైపు, నీలం ఒకవైపు. ఎత్తైన వంతెన మీద జనమంతా నీలం వైపు ఫొటోలు తీసుకుంటున్నారు.

"ఏంటమ్మా, అటే చూస్తున్నావ్? అది బురద నీళ్లు" అంది అమ్మాయి.

"బురద కాదే, రాతి పిండి. బొస్సోఁ నుంచి కూడా వస్తుంది" అన్నాను. ఇంకాసేపు ఉందామంటే, అది ఫోన్లో టైం చూసుకుని సరేనంది.